పశువుల పాకలో హేరోదు ఏడీ?

డిసెంబరు వచ్చిందంటే చర్చి చర్చికీ ఒకటే పాక లేస్తుంది. పైన గడ్డి, గడ్డి మీద సీరియల్ బల్బులు, వాటి మీద రంగు కాగితం నక్షత్రం. మధ్యలో బొమ్మ పాపడు. చుట్టూ మరియ, యోసేపు, ఒక ఆవు, ఒక గాడిద, గొర్రెపిల్లను భుజానేసుకున్న కాపరులు, తళుకుల అంగీల్లో ముగ్గురు రాజులు. అందరి మొహాల్లోనూ ఒకే చిరునవ్వు. సెల్ఫీకి బ్రహ్మాండంగా ఉంటుంది. నాకు మాత్రం చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

అలంకారం మీద నాకేం పగ లేదు. ఆ పాకలోకి సువార్తలు పిలవనివాళ్లు వచ్చి కూర్చున్నారు, సువార్త పేరుపెట్టి పిలిచినవాణ్ని మాత్రం గేటు దగ్గరే ఆపేశారు. ఆవూ గాడిదా మత్తయిలో లేవు, లూకాలోనూ లేవు. యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో సొంతదారుణ్ని గుర్తుపట్టే ఎద్దూ గాడిదా ఉన్నాయి, అక్కణ్నుంచి తోలుకొచ్చి ఇక్కడ కట్టేశారు. వచ్చినవాళ్లు రాజులని మత్తయి అనలేదు, తూర్పుదేశపు జ్ఞానులన్నాడు. ముగ్గురనీ అనలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు కనబడేసరికి మనుషుల్ని కూడా మూడుకు సరిపెట్టేశారు. సిరియా సంఘాల సంప్రదాయంలో వాళ్లు పన్నెండుమంది. గస్పారు, మెల్కియోరు, బల్తజారు అన్న పేర్లయితే సువార్త రాసిన కొన్ని వందల ఏళ్లకు గానీ పుట్టలేదు. అసలు వాళ్లు వచ్చింది పాకకే కాదు, ఇంటికి. మత్తయి రెండో అధ్యాయం పదకొండో వచనం చూసుకోండి.

ఈ పాకను జనం కళ్లముందు నిలబెట్టినవాడు అస్సీసీ ఫ్రాన్సిస్. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే చిన్న ఊళ్లో గడ్డి పరిచి, నిజం ఎద్దునీ నిజం గాడిదనీ కట్టి చూపించాడు. దేవుడు ఎంత లేమిలో పుట్టాడో జనం కళ్లారా చూడాలన్నది ఆయన తపన. దాన్ని మనం షామియానా షాపు చేతిలో పెట్టాం.

లేనివాడు హేరోదు. అతను పంపిన సైనికులూ లేరు. వాళ్ల చేతుల్లో చచ్చిన పిల్లలూ లేరు.

కొత్త నిబంధనలో యేసు పుట్టుక కథ రెండే చోట్ల ఉంది. మార్కు నేరుగా యొర్దాను బాప్తిస్మంతో మొదలుపెడతాడు. యోహాను సృష్టికి ముందుకెళ్లిపోతాడు. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో స్త్రీకి పుట్టాడని ఒక్క ముక్క అని ఊరుకున్నాడు. మిగిలినవాళ్లు మత్తయి, లూకా. వీళ్లిద్దరు చెప్పింది ఒకే కథ కాదు. మత్తయిలో యోసేపుకు కలలొస్తాయి, మరియ నోరు విప్పదు. లూకాలో మరియ దూతతో మాట్లాడుతుంది, పాట పాడుతుంది, యోసేపు నోరు విప్పడు. మత్తయి చదివితే వాళ్లది బేత్లెహేమే అనిపిస్తుంది. నజరేతుకు చేరింది ఐగుప్తు నుంచి తిరిగొచ్చాక, యూదయలో హేరోదు కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడన్న భయంతో. లూకాలో వాళ్లది నజరేతు. జనాభా లెక్క కోసం బేత్లెహేముకొచ్చారు. మత్తయిలో కాపరుల్లేరు. లూకాలో నక్షత్రం లేదు. యోసేపు తండ్రి యాకోబని ఒకరు, హేలీ అని ఇంకొకరు. లూకాలో శుద్ధి దినాలయ్యాక యెరూషలేము దేవాలయం, అట్నుంచటే నజరేతు. మత్తయిలో రాత్రికి రాత్రి ఐగుప్తు.

ఇంతమాత్రం చెప్పేసరికే ముందు వరసలో కూర్చున్న పెద్దాయన నన్ను నాస్తికుల్లో కలిపేసి ఉంటాడు. కలుపుకోనివ్వండి. ఈ తేడాలన్నీ పట్టీ రాసి 'చూశారా, అంతా అబద్ధం' అని చంకలు గుద్దుకునే హేతువాదికీ, ఆ తేడాలన్నిటికీ అతుకులేసి ఒకే రాత్రిలోకి కుక్కేసే పాస్టరుగారికీ నాకు తేడా కనబడదు. ఇద్దరికీ సువార్త పోలీసు పంచనామాలాగే కనిపిస్తోంది. ఒక్కొక్కరు రాసింది ఒక్కొక్కరి కడుపుమంట. విడివిడిగా చదివితేనే అది తగులుతుంది. కలిపి కుట్టేస్తే మిగిలేది గ్రీటింగ్ కార్డు.

ముందు మత్తయిని తీసుకుందాం. ఆయన కథకు రెండు కాళ్లు: ఒకటి పసివాడు, రెండోది హేరోదు. హేరోదంటే ఎవరో పుక్కిటి పురాణంలో రాక్షసుడు కాదు. రోము సెనేటు రాజని పేరుపెట్టి నిలబెట్టిన మనిషి. యెరూషలేము దేవాలయాన్ని తిరిగి కట్టించాడు, కైసరయ రేవు కట్టించాడు. ఈ రోజుల్లో అయితే అభివృద్ధి ప్రదాత అని ఫ్లెక్సీలు కట్టేవాళ్లం. యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఆ ఇంటి గుట్టంతా రాసిపెట్టాడు. భార్య మరియమ్నేను చంపించాడు. ఆమెకు పుట్టిన కొడుకులు అలెగ్జాండరునూ అరిస్టోబులసునూ చంపించాడు. తను పోవడానికి ఐదు రోజుల ముందు ఇంకో కొడుకు యాంటిపాటరును చంపించాడు. తన చావుకు ఎవరూ ఏడవరని అతనికి బాగా తెలుసు. అందుకని దేశంలోని పెద్దమనుషుల్ని పిలిపించి యెరికోలో గుర్రప్పందేల మైదానంలో పెట్టి తాళం వేయించి, తన ఊపిరి ఆగగానే వాళ్లందరినీ చంపమన్నాడు, ఆ రోజు ఇంటింటా ఏడుపు ఉండాలని. అతను పోయాక చెల్లెలు సలోమే వాళ్లను వదిలిపెట్టింది కాబట్టి సరిపోయింది.

బేత్లెహేములో పిల్లల్ని చంపించిన సంగతి జోసీఫస్ రాయలేదు. చాలామంది పండితులు అది చరిత్ర కాదంటారు, హెబ్రీ మగపిల్లల్ని నైలునదిలో పడేయించిన ఫరో నీడను మత్తయి ఇక్కడ పరిచాడంటారు. కొందరు బేత్లెహేము చిన్న పల్లె, చచ్చినవాళ్లు పదో ఇరవయ్యో ఉంటారు, చరిత్రకారుడి కంటికి ఆనలేదంటారు. తర్వాతి సంఘాలేమో పోటీపడి పద్నాలుగు వేలని, అరవై నాలుగు వేలని అంకెలు పెంచాయి. ఇరవైమంది చాలలేదన్నమాట ఏడవడానికి! ఆ లెక్క ఎలా తేలినా, మత్తయి హేరోదు మీద లేనిపోని గుణం అంటగట్టలేదు. సొంత కొడుకుల పీక నొక్కించినవాడు పరాయి పిల్లల్ని చూసి జాలిపడతాడా?

బేత్లెహేముకు ఆగ్నేయంగా ఐదారు కిలోమీటర్ల దూరంలో హెరోడియం ఉంది. కోటకు తన పేరే పెట్టుకున్నాడు. ఉన్న గుట్ట చాలక చుట్టూ మట్టి పోయించి, బొంగరం బోర్లించినట్టు కొండనెత్తించి, పైన రాజభవనం కట్టుకున్నాడు. ఇశ్రాయేలు పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎహూద్ నెట్జర్ 2007లో హేరోదు సమాధి అక్కడే దొరికిందని ప్రకటించాడు. ఆ చుట్టుపక్కల ఎక్కడ నిలబడ్డా ఆ కొండ కంటబడుతుంది. ఆ పల్లెల్లో పుట్టిన బిడ్డ కళ్లు తెరిస్తే కనబడేది రాజుగారి గోడే.

మత్తయి కథలో నన్ను ఎక్కువ కాల్చేది హేరోదు కూడా కాదు. ప్రధాన యాజకులు, శాస్త్రులు. క్రీస్తు ఎక్కడ పుడతాడని రాజు అడిగాడు. వాళ్లు తడుముకోలేదు, నసగలేదు, మీకా ప్రవచనం టకటకా అప్పజెప్పి బేత్లెహేమన్నారు. జవాబు నూటికి నూరుపాళ్లు సరైనది. అంత సరిగ్గా తెలిసినవాళ్లు అక్కడికి నాలుగడుగులు వేశారా అంటే వెయ్యలేదు. యెరూషలేముకూ బేత్లెహేముకూ మధ్య ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లుంటుంది, అంతే. ఎక్కడో తూర్పున చుక్కలు చూసుకునే అన్యజనులు ఎడారి దాటి వచ్చారు. వాక్యం కంఠతా పట్టినవాళ్లు మాత్రం హంతకుడికి అడ్రసు చెప్పి ఇంటికెళ్లి అన్నం తిన్నారు. ఈ వచనాల మీద ప్రసంగం విన్నారా మీరెప్పుడైనా? నేను వినలేదు. చెప్పాల్సినవాళ్లకు ఇబ్బంది.

మన క్రిస్మస్ నాటకాల్లో హేరోదు లేడా అంటారు. ఉంటాడు. యువజన సంఘంలో గొంతు పెద్దదున్న కుర్రాడికి ఆ వేషం ఇస్తారు. అట్ట కిరీటం, అమ్మగారి పట్టుచీర అంగవస్త్రం, మసిబొగ్గు మీసం. 'ఎవరక్కడ!' అని పౌరాణిక పద్యనాటకం ఫక్కీలో గర్జిస్తాడు. జనం పడీపడీ నవ్వుతారు. పిల్లల్ని చంపండని ఆజ్ఞ ఇవ్వగానే తెర పడిపోతుంది. తెర లేచేసరికి దూతల రెక్కలు కట్టుకున్న ఆడపిల్లలు డాన్సు చేస్తుంటారు. ఆ తెర వెనకాల ఏం జరిగిందో ఎవరూ అడగరు.

ఇలా చెరిపేయడం మనతో మొదలవలేదు. పీటర్ బ్రూగెల్ అనే ఫ్లెమిష్ చిత్రకారుడు 1560ల్లో ఈ హత్యాకాండను గీశాడు. బేత్లెహేమును తెచ్చి తన దేశపు పల్లెలో, మంచులో దించాడు. ఇళ్ల కప్పుల మీద మంచు, గుమ్మాలు బద్దలుకొడుతున్న సైనికులు, నడుమ గుర్రాల మీద కవచాలు తొడిగిన గుంపు. ఆ బొమ్మ తర్వాత చక్రవర్తి రెండో రుడాల్ఫ్ సొత్తయింది. చంపుతున్న పిల్లలు కళ్లకు కష్టంగా ఉన్నారని కాబోలు, వాళ్లమీద రంగు పూసి వేరే వస్తువులు గీయించేశారు. ఇప్పుడది బ్రిటిష్ రాజకుటుంబం దగ్గరుంది. దగ్గరగా చూడండి: ఒక తల్లి మంచులో చతికిలబడి ఏడుస్తుంటుంది, ఒళ్లో ఒక మూట. ఒక జంట సైనికుడి కాళ్లావేళ్లా పడుతుంటారు, పసివాడు ఉండాల్సినచోట బాతు. సైనికులు ఈటెలతో పొడుస్తున్నది జంతువుల్ని. పిల్లల్ని చెరిపారు గానీ తల్లుల మొహాలు ముట్టుకోలేదు. అందువల్ల ఊరు ఊరంతా కోళ్లకోసం, మూటలకోసం గుండెలు బాదుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఆ రంగు పూసినవాడు ఇంకా బతికే ఉన్నాడు. ప్రతి సంఘంలోనూ ప్రోగ్రాం కమిటీలో ఉన్నాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. యోసేపుకు కలొచ్చింది, లేచి పారిపొమ్మని. పక్కింటాయనకు ఎందుకు రాలేదు? ఆ వీధిలో రెండేళ్లలోపు కొడుకున్న ప్రతి తండ్రీ ఆ రాత్రి నిద్రపోయే ఉంటాడు కదా! దీనికి మన బోధకుల దగ్గర రెడీమేడ్ జవాబులున్నాయి. దేవుని ప్రణాళిక అంటారు. వాళ్లు తొలి హతసాక్షులంటారు. పరలోకంలో ఉన్నారు కదా, బెంగెందుకంటారు. బిడ్డ శవం ఒళ్లో పెట్టుకున్న తల్లి ముందు నిలబడి ఈ ముక్క అనగలరా? మత్తయి అనలేదు. ఆయన యిర్మీయా గ్రంథం తెరిచి, రామాలో పిల్లలకోసం ఏడుస్తూ ఓదార్పు వద్దన్న రాహేలు మాట తీసి అక్కడ పెట్టాడు. అది ముప్పై ఒకటో అధ్యాయం పదిహేనో వచనం. ఆ వెంటనే పదహారో వచనంలో ఏడుపు మాను, నీ పిల్లలు తిరిగొస్తారని దేవుడే అంటాడు. ఓదార్పు అంత చేతికందే దూరంలో ఉంది. మాట మాటకూ ప్రవచనం ఎత్తి చూపించే మత్తయి ఆ వచనాన్ని ముట్టుకోలేదు. పదిహేను దగ్గర ఆగిపోయాడు. బేత్లెహేము తల్లుల పిల్లలు తిరిగి రారని ఆయనకు తెలుసు. సువార్త రాసినవాడు ఆగినచోట ఆగడం చేతకానివాళ్లం మనం. గబగబా పదహారుకు దూకి హల్లెలూయ అంటాం.

బేత్లెహేములోనే ఉన్న క్రైస్తవులకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. 2023 డిసెంబరులో, గాజాలో బాంబులు పడుతుండగా, అక్కడి లూథరన్ చర్చివాళ్లు పాక కట్టలేదు. కూలిన కాంక్రీటు పెళ్లలు కుప్పపోసి, ఆ పెళ్లల మధ్య బొమ్మ పాపణ్ని పడుకోబెట్టారు. ఆ ఏడాది ఊళ్లో దీపాలూ లేవు, ఊరేగింపులూ లేవు. మత్తయి రెండో అధ్యాయాన్ని సరిగ్గా చదివింది వాళ్లు.

లూకా మెతక అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాపరులు, దూతల పాట, తొట్టి, అన్నీ ముద్దుగా ఉంటాయని. అసలు ఆయన రెండో అధ్యాయం మొదటి వాక్యంలోనే కైసరు ఔగుస్తు పేరు ఎందుకెత్తాడో ఆలోచించండి. చిన్న ఆసియాలోని ప్రియేనెలో ఒక రాతి శాసనం దొరికింది, క్రీ.పూ. 9 నాటిది. ఔగుస్తు రక్షకుడనీ, ఆయన పుట్టినరోజుతోనే లోకానికి శుభవార్త మొదలైందనీ, ఇకమీదట ఏడాదిని ఆ రోజు నుంచే లెక్కపెట్టాలనీ అందులో ఉంది. రక్షకుడు, శుభవార్త, పుట్టినరోజు: సామ్రాజ్యం తన ప్రభువుకోసం దాచిపెట్టుకున్న పొగడ్తలివి. లూకా వాటిని ఎత్తుకెళ్లి రాత్రిపూట గొర్రెలు కాసేవాళ్ల చెవిలో, తొట్టిలో పడుకున్న పసిగుడ్డు గురించి చెప్పించాడు. ముద్దుగా ఉందా ఇది? ఆ కాలంలో ఇది రాజద్రోహానికి కూతవేటు దూరం.

ఆ జనాభా లెక్కా అంతే. సిరియా అధిపతి కురేనియు లెక్క రాయించింది క్రీ.శ. 6లో, హేరోదు పోయింది క్రీ.పూ. 4లో అని చరిత్రకారులు సామాన్యంగా చెబుతారు. ఈ దాదాపు పదేళ్ల సందును పూడ్చడానికి మన పండితులు పడే పాట్లు చూడాలి! లూకాకు ఆ లెక్క ఎందుకు కావలసి వచ్చిందో మాత్రం అడగరు. రోము తలలు లెక్కపెట్టింది పన్ను వసూలుకు. ఆ లెక్కకే గలిలయుడైన యూదా తిరగబడ్డాడు. ఆ సంగతి అపొస్తలుల కార్యాల్లో లూకాయే రాశాడు. నిండు గర్భిణిని రోడ్డెక్కించింది దూత కాదు, సర్కారు తాఖీదు.

ఇక గువ్వల సంగతి. బిడ్డ పుట్టాక శుద్ధికి గొర్రెపిల్లను ఇవ్వాలి, గతిలేకపోతే రెండు గువ్వలో రెండు పావురపు పిల్లలో తేవచ్చని లేవీయకాండం పన్నెండో అధ్యాయం. మరియ, యోసేపు తెచ్చింది రెండో రకం. సమృద్ధి సువార్త చెప్పే బోధకులు జ్ఞానుల బంగారం చూపించి యేసు డబ్బున్నవాడని వాదిస్తుంటారు. మీ పాకలో ఆ రాత్రే బంగారం అందింది కదా, మరి నలభై రోజులకే గువ్వల జతకు దిగారేం? ఇద్దరు రచయితల్ని ఒక చూరు కిందికి లాగితే వచ్చే తంటా ఇది.

మహిమలు చేసే పాపడే కావాలనుకున్నవాళ్లు పూర్వమూ ఉన్నారు. తోమా బాల్య సువార్త అని ఒక పాత పుస్తకముంది. అందులో ఐదేళ్ల యేసు మట్టితో పిచ్చుకలు చేసి చప్పట్లు కొడితే అవి ఎగిరిపోతాయి. భుజానికి తగిలిన పిల్లాణ్ని మాటతో పడేస్తాడు. సంఘం దాన్ని పక్కన పెట్టింది, మంచిదే. మత్తయి, లూకాల పసివాడు ఒక్క మహిమా చేయడు. పారిపోవడానికైనా ఎవరో ఒకరు ఎత్తుకోవాలి.

మరియ పాట దగ్గరికొద్దాం. ఒక జిల్లా కేంద్రంలో అన్ని సంఘాలూ కలిసి జరిపిన సెమీ క్రిస్మస్‌కు వెళ్లాను. పదేళ్ల పాప, నీలం ఓణీ, మైకు ఎత్తు ఎక్కువై మునివేళ్ల మీద నిలబడి లూకా మొదటి అధ్యాయం నుంచి ఆ పాట అప్పజెప్పింది. బలవంతుల్ని గద్దెల మీంచి దించడం, ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపడం, ధనవంతుల్ని వట్టి చేతులతో పంపేయడం, ఒక్క పొల్లు పోలేదు. ఆ పాపకు నాలుగడుగుల వెనక, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఎర్ర ముఖమల్ కుర్చీలో ముఖ్య అతిథి కూర్చున్నాడు. మెళ్లో శాలువా, చేతిలో ఫోను. పక్కన కేకు కత్తికి రిబ్బను కట్టి పట్టుకున్న కుర్రాడు. గద్దెల మీంచి దించుతాడన్న మాట దగ్గర అతిథిగారు ఫోన్లో వేలితో ఏదో జరుపుకుంటున్నారు. పాట అయిపోయింది. 'చిన్నారికి గట్టిగా చప్పట్లు' అన్నాడు మైకు పట్టుకున్నాయన. కేకు కోశారు. పాస్టర్లందరూ ఫొటోకు సర్దుకున్నారు. అంతమందిలో ఒక్కరి మొహమైనా కాస్త ఎర్రబడి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు.

తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాలపల్లెల నుంచీ మాదిగపల్లెల నుంచీ వచ్చినవాళ్లు. సర్కారు లెక్క మనిషి బతుకును ఎలా మెలిపెడుతుందో లూకా చెప్పకుండానే తెలిసినవాళ్లు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్నీ ముస్లిముల్నీ కలపలేదు. క్రైస్తవుడిగా మారిన దళితుణ్ని ఇక్కడ బీసీ-సీలో పడేసి ఒక్క శాతం రిజర్వేషన్ చేతిలో పెట్టారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు అతని కులం మర్చిపోయిందా? మర్చిపోలేదు. అందుకే చర్చి రిజిస్టర్లో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు. ఎన్యూమరేటరు గుమ్మంలో నిలబడి మతం ఏమిటని అడిగితే ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పిల్లాడి చదువు కోసం, ఉద్యోగం కోసం తండ్రి అక్కడ తన దేవుణ్ని దాచుకుంటాడు. దాచుకున్నందుకు ఆదివారం ప్రసంగంలో అతన్నే వేషధారి అంటారు.

ఆ ముఖమల్ కుర్చీలో కూర్చున్నాయన చట్టసభ సభ్యుడు. ఆ మూడో పేరా గురించి అడగడానికి అంతకన్నా తగిన మనిషి మన జిల్లాలో దొరకడు. మైకు చేతిలోనే ఉంది, మరియ పాట ఇంకా చెవుల్లోనే ఉంది, వచనాలన్నీ కంఠతా వచ్చిన పాస్టర్లు వేదిక మీద రెండు వరసల్లో ఉన్నారు. అడగరు. అడిగితే వచ్చే ఏడు కల్యాణమండపం అద్దె ఎవరు కడతారు?